చూపు బాగానే ఉంది

జగ్గయ్యపేట, ఫిబ్రవరి 3

బ్రహ్మయ్యకు,

ప్రియమైన అని రాయమంది మీ వదిన. రాయను. నాకు చూపు మందగించిందని ఐదేళ్ల కిందట లారీ ఓనరుకు చెప్పింది నువ్వు. పద్దెనిమిదేళ్లు నా పక్కన క్లీనరుగా తిరిగి, గేరు వెయ్యడం నా దగ్గరే నేర్చుకుని, నా స్టీరింగే పట్టుకున్నావు.

నిన్న నందిగామలో కంటి డాక్టరు దగ్గరికెళ్లా. చార్టులో అడుగు వరస చదివా. "తాతా, చూపు భలే ఉంది" అన్నాడు. కంటి లోపల ఫొటో తీశాడు. వెనక నరాల పొర పలచబడిందట. మెదడులో తేడా ఉన్నా అలా అవ్వొచ్చట, దీంతోనే తేల్చలేం, మెదడు డాక్టరుకు చూపించుకోమని చీటీ రాశాడు. కన్ను చూపించుకోబోతే తలకాయ సంగతి చెబుతాడు. చీటీ జేబులోనే ఉంది.

అబద్ధం ఎందుకు ఆడావో రాయి. ఫోన్ చెయ్యకు, ఎత్తను.

నాసర్

నందిగామ, ఫిబ్రవరి 8

ప్రియమైన నాసరన్నకు,

అబద్ధమే, అన్నా. నీ చూపుకేం కాలేదు.

ఓనరుకు చెప్పకముందు ఒక రోజు ముక్త్యాల నుంచి సిమెంటు లోడుతో వస్తున్నాం. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కే చోట బండి ఆపి, "ఎటు పోవాలిరా?" అన్నావు. పరాచికమనుకుని "మీ అత్తారింటికి" అన్నా. నువ్వు నవ్వలా. ముప్పై ఏళ్లు తిరిగిన రోడ్డు. వెనక హారన్లు కొడుతుంటే నా మొహంలోకి చూస్తూ కూర్చున్నావు.

మతి తప్పుతున్నాడంటే పేటంతా నవ్వేది. చూపు తగ్గిందంటే వయసులే అనుకుంటారు. స్టీరింగు నేను అడగలా. ఓనరు ఇస్తే కాదనలా. ఆ తప్పు నాదే.

చీటీ వదినకు చూపించు.

నీ తమ్ముడు,
బ్రహ్మయ్య

జగ్గయ్యపేట, ఫిబ్రవరి 13

తమ్ముడూ బ్రహ్మయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. చిల్లకల్లు సంగతి నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా ఆ రోజు దొరకడం లేదు. కోపం వస్తుందనుకున్నా, రాలేదు. ఏడుపూ రాలేదు. మీ వదిన ఉప్మా పెడితే తిన్నా. చీటీ ఇచ్చా. చదివి బీరువాలో పెట్టింది.

ఇరవయ్యో తారీకు బెజవాడలో మెదడు డాక్టరు చూస్తాడు. ఎప్పటినుంచి ఇలా ఉందో ముందు అదే అడుగుతారట. చెప్పగలిగేది నువ్వొక్కడివే. చిల్లకల్లే మొదలా, అంతకు ముందే ఉందా? ఎవరి మీదకైనా బండి పోనిచ్చానా? ఉన్నదున్నట్టు రాయి. నా పరువు ఇన్నాళ్లు కాపాడింది చాలు.

బుధవారం, పద్దెనిమిదో తారీకు లోపల నీ జవాబు నా చేతిలో ఉండాలి.

మీ అన్న,
నాసర్