ఆదివారం నేను వండను

మార్కాపురం,
మంగళవారం.

ప్రియమైన అమ్మకు, నీ కూతురు సరళ ప్రభువు పేరిట చెప్పే వందనాలు. దేవుని దయవల్ల మా అత్తతో కలిపి ఇక్కడ ఐదుగురం బాగున్నాం. అక్కడ నువ్వు, పాల్ రాజు అన్న, వదిన, పిల్లలు అందరూ బాగున్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. "ఈ కాలంలో ఇంకా ఉత్తరాలు రాసుకునేది మీ తల్లీకూతుళ్లేనమ్మా" అని పోస్ట్‌మ్యాన్ నవ్వాడు. ఏం చేయమంటావు? ఫోన్ చేస్తే "ఆఁ, ఎవురూ" అని నువ్వు, "నేనేమ్మా" అని నేను అరుచుకుంటుంటే మన సంగతులు వీధంతా వింటోంది గానీ నువ్వు మాత్రం వినడం లేదు. కొనిచ్చిన చెవి మిషనేమో పెట్టుకుంటే పాడవుతుందని బీరువాలో చీరల మధ్య దాచావట. అన్న చెప్పాడు. అది చీరలకు వినపడటానికి కొన్నది కాదు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెప్తాను. హన్నాకు జ్వరం తగ్గింది, బడికి పోతోంది. యోసేపు పొడుగు పెరిగాడు. పోయినేడు కుట్టించిన ప్యాంటు ఇప్పుడు వాడికి పిక్కల దగ్గరే ఆగిపోతోంది. ఫ్యాక్టరీలో పలకల దుమ్ముకు దగ్గు వస్తోందా అన్నావు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాను, అంతగా లేదు. నీ అల్లుడు దొనకొండ దాకా ఆటో తిప్పుతున్నాడు, రైలు వేళకు నాలుగు కిరాయిలు దొరుకుతున్నాయి.

ఇక చివర్లో పెద్ద పెద్ద అక్షరాలతో రాశావు చూడు. "ఆదివారం పూట నువ్వు పొయ్యి ముట్టించడం లేదంట, నిజమేనా? అత్తతో ఏమన్నా తగువు పడినావా?"

నిజమేనమ్మా. తగువేమీ లేదు. ఆదివారం నేను వండను. మూడు నెలలైంది.

ఈ కబురు నీ దాకా ఎలా వచ్చిందో కూడా నాకు తెలుసు. కోడికూరలో ఉప్పు ముందు వేయాలా, కారం ముందు వేయాలా అని నీ అల్లుడు అన్నకు ఫోన్ చేశాడు. అన్నకు మాత్రం ఏం తెలుసు, ఫోన్ తీసుకుపోయి వదిన చేతిలో పెట్టాడు. వదిన అక్కడి నుంచి చెప్తుంటే ఈయన ఇక్కడ గరిటె తిప్పాడు. వదిన నోట పడ్డాక మీ ఊళ్లో తెలియనిదెవరికి?

ఫ్యాక్టరీకి ఆదివారం సెలవు. అదేం సెలవో నాకు పదిహేనేళ్లు అర్థం కాలేదు. మిగతా ఆరు రోజులు పలకలకు చెక్క చట్రాలు బిగించి వచ్చే మనిషిని, ఆదివారం వస్తే ఇంకో గంట ముందే లేచేదాన్ని. పిల్లలిద్దరికీ తలంట్లు, వారం బట్టలు, అత్తకు వేణ్ణీళ్లు, నీ అల్లుడి తెల్లచొక్కాకు ఇస్త్రీ. మసాలా నూరి, కోడిని కడిగి పసుపు పట్టించి, బియ్యం నానబెట్టి, తడి జుట్టుతోనే మందిరానికి పరుగు. ప్రసంగం మొదలైతే నాకు నిద్ర ముంచుకొచ్చేది. అత్త మోచేత్తో పొడిచేది. ఇంటికొచ్చి వండి, అందరికీ వడ్డించి, నేను కంచం ముందు కూర్చునేసరికి కూరలో మెడకాయ, పులుసు మిగిలేవి. అవి నాకు ఇష్టమని మా ఇంట్లో అందరూ నమ్ముతారు. ఎప్పుడు ఇష్టపడ్డానో నాకే తెలియదు.

మూడు నెలల కిందట అయ్యగారు విశ్రాంతి దినం మీద ప్రసంగం చేశారు. ఆ రోజు ఎందుకో నాకు నిద్ర పట్టలేదు. ఎవరెవరు పని మానాలో ఆయన వేళ్లు మడుస్తూ చెప్తున్నారు. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, పనివాడు, పనిమనిషి, పశువు, ఆఖరికి మీ ఇంట దిగిన పరాయి ఊరివాడు కూడా. నేనూ కొంగు చాటున వేళ్లు మడిచాను. గొడ్డు వచ్చింది, దారిన పోయేవాడు వచ్చాడు, పెళ్లాం మాత్రం రాలేదు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆయనకు వందనాలు చెప్పి అడిగాను. "అయ్యగారూ, అందరి పేర్లూ చెప్పినారు, పెండ్లాం పేరు లేదేంది?"

ఆయన నవ్వారు. "నువ్వు అంటే ఆలుమగలిద్దరూ వస్తారమ్మా. అందులోనే ఉన్నావు నువ్వు."

"అట్లయితే సరే అయ్యగారూ" అన్నాను.

ఆయన మాట వరసకు అన్నారేమో. నేను మాత్రం అలా తీసుకోలేదు. నేరుగా ఇంటికొచ్చి, వసారాలో చాప పరిచి, పడుకున్నాను. అత్త వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఏమైందే, జ్వరమా?"

"జ్వరం కాదత్తా. ఆదివారం."

ఆమె రెండో చెయ్యి కూడా నా నుదుటి మీద పెట్టి చూసింది. అమ్మా, ఆ ముఖం నువ్వు చూసి ఉంటే నవ్వాపుకోలేకపోయేదానివి.

ఆ రోజుతో కలిపి మూడో ఆదివారం నుంచి నీ అల్లుడు వంటింట్లోకి దిగాడు. ముందు రెండు వారాలు ఎవరు వండారో, ఈయన ఎందుకు దిగాడో తర్వాత రాస్తాను. రాయక తప్పదు. ముందు ఆయన వంట సంగతి విను. పదిహేనేళ్లుగా ఈ ఇంట్లోనే తింటున్న మనిషి "ఉప్పు యాడుంది" అని అరిచాడు. ఎదురుగానే ఉందన్నాను. కాసేపటికి "ఆవాలంటే నల్లవేనా" అన్నాడు. తర్వాత కొంతసేపు ఏ చప్పుడూ లేదు, ఆ తర్వాత మాడు వాసన. యోసేపు ఉల్లిపాయలు కోస్తూ ఏడుస్తున్నాడు. నేను చాప మీది నుంచి లేవలేదు. లేవకుండా ఉండటం అంత కష్టమని నాకూ అప్పుడే తెలిసింది. కాళ్లు వాటంతట అవే వంటింటి వైపు లాగుతుంటే, రెండు చేతులతో చాప అంచు పట్టుకున్నాను.

అన్నం కింద మాడింది, పైన పలుకు. అత్త కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిని "బాగుండాది నాయనా" అంది కొడుకుతో. అదే కూర నేను చేసి ఉంటే కంచం వసారాలో పడేది.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఆరాధన అయ్యాక అయ్యగారికి భోజనం మా ఇంట్లోనే. మా మామ బతికున్ననాటి నుంచి వస్తున్న వరస అది. ఆ రోజన్నా లేస్తానని అందరూ అనుకున్నారు. నేను లేవలేదు. నీ అల్లుడే వండి, నీ అల్లుడే వడ్డించాడు. అయ్యగారు వడ్డించినదంతా తిన్నారు. నాలుగు గ్లాసుల నీళ్లు తాగి, పెరుగు రెండుసార్లు అడిగారు. ఆయనతో వచ్చిన అమ్మగారు మాత్రం చెయ్యి కడుక్కోవడానికి వచ్చినప్పుడు నా పక్కకు జరిగి మెల్లగా అడిగింది, "ఏ ఆదివారం నుంచి మొదలుపెట్టినావు సరళా?" చెప్పాను.

ఆ మరుసటి వారం సంఘ పెద్ద బాలయ్య మందిరం బయట అందరి ముందూ ఆపాడు. "మన సంఘంలో ఇట్లాంటి పద్ధతి లేదు. వచ్చే నెల నుంచి అయ్యగారి భోజనం మా ఇంట్లో పెట్టుకుంటాం" అన్నాడు.

"సంతోషం పెదనాయనా. మీ ఇంట్లో ఎవురు వండుతారు?"

"మా కోడలు మల్లి. ఎవురేంది?"

"మల్లి ఆ ప్రసంగం విన్నదా మరి?"

మల్లి పక్కనే బిడ్డను ఎత్తుకుని నిలబడింది. ఆయన ఆమె వైపు చూశాడు, ఆమె నా వైపు చూసింది. ఆయన స్కూటరు తీశాడు. ఇంటికొచ్చాక నీ అల్లుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "మా నాయన కాలం నుంచి వస్తుండే గౌరవం, నీవల్ల పోయింది" అన్నాడు మూడో రోజు. తన వంటవల్ల పోయిందేమో ఆలోచించుకోమన్నాను. కోపంలోనే నవ్వు వచ్చింది ఆయనకు. ఆ తర్వాత వారం మళ్లీ ఆయనే వండాడు. ఇప్పుడు అన్నం మాడటం లేదు.

ఇంత వరకు నేను నిలబడ్డాను, అమ్మా. ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. "నేను శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి, ఆదివారం నేనే వండి, సోమవారం పొద్దున పోతా. ప్రతి వారం వస్తా. నువ్వు పండుకో, ఎవురూ ఒక మాట అనకూడదు. నీ కాపురం చల్లగా ఉండాలి" అని రాశావు. అన్న ఆ మాట ఫోన్లో ఇక్కడ కూడా చెప్పాడు. మా అత్త ముఖం వెలిగిపోయింది. "మీ అమ్మ చేతి కూర తిని ఎన్నాళ్లాయనో" అంది. నీ అల్లుడు అప్పుడే నేను చూడటం లేదనుకుని, వంటకు కట్టే పసుపు మరకల లుంగీ మూటగట్టి అటక మీద పడేశాడు. నాతో "అత్త ఏ బస్సుకు వస్తుంది, ఆటో తీసుకోని బస్టాండుకు పోతా" అన్నాడు. మూడు నెలలు బాలయ్య వల్ల కానిది, మా అత్త వల్ల కానిది, నీ ఒక్క ప్రేమతో అయిపోయేలా ఉంది.

అందుకే దాచిన సంగతి రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకో.

ఆ మొదటి ఆదివారం నేను చాప మీద కళ్లు మూసుకుని ఉండగా వంటింట్లో గిన్నెల చప్పుడైంది. గెలిచాననుకున్నాను. ఎవరో ఒకరు లేచారు, చాలు అనుకున్నాను. లేచింది హన్నా. పదకొండేళ్ల పిల్ల. ఎవరూ చెప్పలేదు దానికి. గంజి వంచుతూ మణికట్టు మీద కాల్చుకుని, నాకు కనపడకుండా గాజులు కిందికి లాక్కుంది. "దేవుడిచ్చిన బిడ్డ, నాయనమ్మ చెయ్యే వచ్చినాది" అని అత్త మురిసిపోయింది. నాకు తెలుసమ్మా. ఎవరు వండుతున్నారో తెలిసీ నేను లేవలేదు. పిల్ల నేర్చుకుంటోందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. రెండో ఆదివారం కూడా అలాగే పడుకున్నాను. ఆ అన్నం తిన్నాను. బాగుందని కూడా అన్నాను.

మూడో ఆదివారం మందిరంలో రెండో పాట అవుతుండగా పిల్లల వరసలో హన్నా కనపడలేదు. గుమ్మం దగ్గర దాని చెప్పులు కూడా లేవు. ఆ ఖాళీ చోటులో నాకు నువ్వే కనపడ్డావు, అమ్మా. నా చిన్నప్పుడు నువ్వు ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చునేదానివి. రెండో పాట కాగానే పొయ్యి మీద ఎసరు ఉందని లేచి వెళ్లిపోయేదానివి. నాయన, అన్న, నేను చివరిదాకా కూర్చుని, ఇంటికి వెడితే వేడి వేడి కూర ఉండేది. నేను ఒక్కసారి కూడా నిన్ను ఎందుకు లేచావని అడగలేదు.

ప్రసంగం మధ్యలో లేచి పరుగెత్తాను. హన్నా బియ్యం కడుగుతోంది. దాని చేతిలోంచి గిన్నె తీసి, తడి చేతులతోనే మందిరానికి లాక్కొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. మధ్యాహ్నం నీ అల్లుడికి చెప్పాను. "నా పేరు ఆ వరసలో లేదనుకో. కూతురి పేరు ఉంది. నా బిడ్డ ఆదివారం పొయ్యి కాడ కనపడితే, సోమవారం నుంచి నేనూ కనపడను." ఆయన హన్నా మణికట్టు చూశాడు. లుంగీ పైకి కట్టి వంటింట్లోకి పోయాడు.

నా విశ్రాంతి నా కూతురి చేతులు కాల్చి తీసుకున్నాను, రెండు వారాలు. ఇప్పుడు నొప్పులున్న నీ మోకాళ్లను అరగదీసి తీసుకోమంటున్నావు. ఆ వరసలో తల్లి పేరు కూడా లేదు, నేను చూశాను. అయ్యగారిని అడగబోవడం లేదు ఈసారి. నేనే చేర్చుకున్నాను.

కాబట్టి శనివారం రావొద్దు. నీ అల్లుడు ఎన్నిసార్లు ఫోన్ చేయించినా రావొద్దు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు రా. ఇంటికి కాదు, నేరుగా మందిరానికి రా. హన్నా బస్టాండులో ఉంటుంది. గుమ్మం పక్కన కాదు, ముందు వరసలో నాకూ దానికీ మధ్య చోటు పెడతాను. రెండో పాట అయ్యాక నువ్వు లేవబోతావు, నాకు తెలుసు. నీ కొంగు నా చేతికి చుట్టుకుని కూర్చుంటాను. ఇంటికొచ్చాక ఏది వండి ఉంటే అది తిందాం. నీ కోసం నేను ఏమీ వండను. నిన్నూ వండనివ్వను. ఎవరన్నా ఏదన్నా అంటే నాతో అనమను.

ప్రసంగం నాకు వినపడదు కదే, కూర్చుని ఏం చేయాలి అంటావు. వినపడే రోజుల్లో నిన్నెవరూ కూర్చోనివ్వలేదు. ఇప్పుడు వినపడకపోయినా సరే, అందరూ లేచేదాకా కూర్చో.

ఇట్లు,
నీ మాట వినని కూతురు,
సరళ