మూడడుగుల కాలవ

ఫిబ్రవరి 3

నన్ను సినిమాలోకి తీసుకున్నారు. అదీ విలన్‌గా!

కావలి నుంచి సుప్రియ అని డైరెక్టరమ్మాయి వచ్చింది. ఎండబెట్టిన నా రొయ్యల గుంటల్లో షూటింగ్ పెట్టుకుంటానని అడిగింది. సముద్రంలోంచి ఎగిరొచ్చే సూపర్‌హీరో కథట. నేనప్పుడు గుంట నీళ్ళు చిలికే ఏరేటర్లు బాగుచేసే మెకానిక్ మీద అరుస్తున్నాను. ఆ గొంతే కావాలంది. విలన్‌కి శక్తులేమీ ఉండవట, మామూలు మనిషేనట. ప్రసాదన్నా, మీకు మేకప్ కూడా అక్కర్లేదంది. పొగిడిందో తిట్టిందో తెలియలేదు. ఒప్పేసుకున్నాను. గుంటల్లో రొయ్య పిల్ల వదలడానికి ఇంకా నెలుంది. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు.

ఫిబ్రవరి 6

స్క్రిప్ట్ చదివి వినిపించారు. పొలాలు కాజేయడానికి నా విలన్ బాంబులు పెడతాడు. నవ్వొచ్చింది. పొలం కావాల్సినవాడు ఎవడైనా దానికి బాంబు పెడతాడా అన్నాను. మరెలా అన్నా అంటూ సుప్రియ పెన్ను తీసింది.

నోరు జారాను. మొత్తం చెప్పేశాను. గుంటకీ పక్కనున్న వరి కయ్యకీ మధ్య మూడడుగుల లోతు కాలవ తీయాలి. గుంటలోంచి ఊరే ఉప్పునీరు అందులో పడి బయటికి పోతుంది. ఆ కాలవ తీయకుండా ఉంటే చాలు, ఉప్పంతా కయ్యలోకి దిగుతుంది. రెండు పంటలు పోయాక కయ్యవాళ్ళే వచ్చి కౌలుకు తీసుకోమని బతిమాలతారు. తగువే ఉండదు.

అమ్మాయి కళ్ళు మెరిశాయి. ఏం క్రూరమైన ఐడియా అన్నా అంది. నాకెలా తెలుసని మాత్రం అడగలేదు.

ఫిబ్రవరి 7

అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం

ఇవాళ మోటివ్ గురించి గొడవ. విలన్ ఎందుకిలా చేస్తాడో జనానికి తెలియాలట. చిన్నప్పుడేదో అవమానం పెడదామంది సుప్రియ. అవేమీ వద్దన్నాను. వాడి రెండు గుంటల మధ్య ఒకావిడ కయ్య ఉంది, పొద్దున లేవగానే ఆ పచ్చదనం కంటికి అడ్డం పడుతుంది, అంతే అన్నాను. మరీ చిన్న కారణం, ఎవరూ నమ్మరంది.

చిన్నదే. నా రెండు గుంటల మధ్యనున్న ఆదిశేషమ్మ కయ్య ఎకరం కూడా ఉండదు. గుంటలు రెండూ కలిసిపోతే బాగుంటుందని ఒకరోజు అనిపించింది. ఆ తర్వాత ఇంకేదీ కంటికి ఆనలేదు. ఆవిడకి వరసగా రెండు పంటలు పోయాయి. ఏం పాపం చేసినానో అబ్బయ్యా, ఉగాదికి నువ్వే కౌలుకు తీసుకో అని పోయిన నెల వచ్చి నా చేతులు పట్టుకుంది. సరే పెద్దమ్మా అన్నాను. సిగ్గేసింది. అయినా అన్నాను.

ఫిబ్రవరి 15, సాయంత్రం 5

క్లైమాక్స్ ముందు విలన్ తన ప్లానంతా హీరోకి విప్పి చెప్పాలట. ఏ వెధవ చెబుతాడు తల్లీ అన్నాను. సూపర్‌హీరో సినిమాల్లో విలన్ చెప్పి తీరాలన్నా అంది. చుట్టూ జనంగా మా ఊరివాళ్ళనే కూర్చోబెడతారట!

డైలాగ్ మార్చమన్నాను. బాగుంది కదా అంది. అయితే మానేస్తానన్నాను. ఎందుకని అడిగింది. షాట్ ఎన్నింటికో కనుక్కుని వచ్చేశాను.

ఫిబ్రవరి 18

షాట్ అయింది. ఆదిశేషమ్మ ఉతికిన చీర కట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. మూడు టేకులు. మూడుసార్లూ కాలవ లోతుతో సహా చెప్పాను. హీరో తాళ్ళ మీద వేలాడుతూ దిగి నన్నొక గుద్దు గుద్దాడు. ఒకటే ఈలలు. ఆవిడ చప్పట్లు కొట్టలేదు.

నేలలో ఉప్పు తీసే శక్తి ఉందా నాయనా నీకు అని హీరోని అడిగింది. ఎగరడం ఒకటే వచ్చమ్మా అని వాడు నవ్వాడు.

పోతూ పోతూ నా దగ్గర ఆగింది. బాగా చెప్పినావబ్బయ్యా, ఎవురో నేర్పితే చెప్పినట్టు లేదే అంది.

ఫిబ్రవరి 21, ఉదయం 6

ఆదిశేషమ్మ పార తెచ్చుకుని నా గుంట గట్టు పక్కన తవ్వుతోంది. ఒక్కతే. ఇటువైపు చూడటం లేదు. మధ్యమధ్యలో కర్ర దించి లోతు చూసుకుంటోంది. కర్ర మీద అడుగుకొకటి చొప్పున మూడు గాట్లు.

మా షెడ్డులోనూ పార ఉంది. షెడ్డు అరుగు మీంచి నేనింకా లేవలేదు.