వేడినీళ్ల బ్యాగు కోసం వెతక్కు

అక్కా,

కడుపునిండా నీళ్లు తాగి స్కానింగ్‌కి వెళ్లు, నీ పేరు రాయించాను. మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లకు. నా ఆపరేషన్‌కి అమ్మ తోడుంది, నువ్వు రావద్దు.

నా అండాశయంలో ఈ తిత్తి ఎందుకొచ్చిందని డాక్టరమ్మని అడిగాను. గర్భసంచి లోపలి పొరలాంటిదే అక్కడా పెరిగి, నెలనెలా రక్తం కారి, బయటికి దారిలేక చాక్లెట్‌లా చిక్కబడిందట. కొంత వంశంలోనే ఉంటుందట, అక్కచెల్లెళ్లకీ రావచ్చట. "నాది గ్యాసేనే" అనకు. గ్యాస్ ఎక్కడైనా నెలకోసారి వస్తుందా?

వేడినీళ్ల బ్యాగు నాతో తీసుకెళ్తున్నాను. అది దొరికితే, నేను లేను కదా అని స్కానింగ్ మానేసి కడుపుకి అదుముకుని పడుకుంటావు.

ఇంకోటి. ఉన్న ఒక్క బ్యాగూ ఎప్పుడూ నా కడుపు మీదే పెట్టి, నీకు నొప్పి లేదనేదానివి. ఇకమీదట ఆ మాట డాక్టరమ్మ చెప్తేనే నమ్ముతాను.