తడి చీర ఫొటోలు

అల్లూరు,
12-3-1961

స్టూడియో యజమాని చెంచురామయ్య గారికి నమస్కారాలు.

కిందటి వారం మీ ఫొటోగ్రాఫరు చీరల క్యాలెండరు కోసమని మా చెల్లెలి కూతురు శేషమ్మకు సముద్రం ఒడ్డున ఫొటోలు తీశాడు. నేను తోడు వెళ్ళాను. "పెద్దమ్మా, నీ నీడ పడతా ఉండాది, ఆ పడవ కాడ కూర్చో" అని నన్ను దూరం పంపాడు. కూర్చున్నాను గానీ కళ్ళు మూసుకోలేదు.

మా ఆయన మీ దగ్గర పన్నెండేళ్ళు పనిచేసిన సంగతి అతనికి తెలియదు. కెమెరాలో ఫొటో పడే గాజు ప్లేటు ముందు, దాన్ని కప్పి ఉండే పలక పైకి లాగితేనే ఫొటో పడుతుందని, అన్నం క్యారియరు తెచ్చినప్పుడల్లా చూసి నేర్చుకున్నదాన్ని. మొదటి రెండు ఫొటోలకు అతను పలక లాగాడు. తరువాత పిల్లను అలల్లో నిలబెట్టి, చీర తడిపించి, "పమిట ఇంకొంచెం జరుపు" అంటూ గంటసేపు నల్లగుడ్డలో దూరి చూశాడు, మధ్యమధ్య ఫొటో తీసే రబ్బరు బల్బు నొక్కాడు. పలక మాత్రం ఒక్కసారీ లాగలేదు. మరిచాడేమో అనుకున్నాను. పిల్లను భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. అది నా తప్పే.

నిన్న కబురు పంపాడు. తడి చీర ఫొటోలన్నీ కడిగేటప్పుడు పాడయ్యాయట. మళ్ళీ తీయడానికి శేషమ్మ ఒక్కతే స్టూడియోకు రావాలట.

పిల్లను పంపను. ఇదంతా మీకు తెలియకుండానే జరిగిందని నమ్మాలని ఉంది. అసలు తీయనే తీయని ఫొటోలు ఎలా పాడయ్యాయో అతన్ని మీరే అడగండి. ఇంతకు ముందు ఎంతమంది ఆడపిల్లలకు ఇదే కబురు వెళ్ళిందో, వాళ్ళలో ఎవరెవరు ఒంటరిగా వచ్చారో కూడా అడగండి.

ఇట్లు,
మీ ఫొటోలకు రంగులు దిద్దినాయన భార్య