లైసెన్సు లేని ఈల

చాండ్లర్
నవంబర్ 2008

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్‌లో మీరు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వడం లేదు. "ఏం చేశావ్ మల్లీ, ఏం చేశావ్" అంటూ మీరే మాట్లాడి మీరే పెట్టేస్తున్నారు. అందుకే కాగితం తీసుకున్నాను. ఇక్కడైతే మధ్యలో అడ్డుపడలేరు కదా. కాఫీ తాగి కుదురుగా కూర్చుని చదవండి.

మన పక్కింటి రూత్ తెలుసుగా, స్కూల్ బస్సు నడిపి రిటైరైన ఆవిడ. మీరు పార్సిప్పనీ ప్రాజెక్టుకి వెళ్ళిన రోజు వద్దన్నా వినకుండా మీ సూట్‌కేస్ కార్‌లో పెట్టింది. ఆవిడ ఏటా పూరేడు పిట్టల వేటకి వెళ్తుంది. ఈ ఏడాది ఆవిడ చెవులు బొత్తిగా పనిచేయడం లేదు. ఒంటరిగా ఎడారిలోకి వెళ్ళొద్దని కూతురు ఒకటే గోల. "నువ్వు తోడు వస్తావా?" అని నన్నడిగింది. నాకిక్కడ కొంపలు మునిగిపోయే పనులేమున్నాయి? మీ వీసాకి తోకలా వచ్చినదాన్ని, ఉద్యోగం చేయకూడదాయె. వస్తానన్నాను.

ఊరు దాటి చాలా దూరం డ్రైవ్ చేశాం. ఎటు చూసినా రాళ్ళు, ముళ్ళపొదలు, నిలువెత్తు జెముడు చెట్లు. తుపాకీ పట్టుకుని రూత్ ముందు, నీళ్ళ సీసా, పులిహోర డబ్బా పట్టుకుని నేను వెనక. ఎంతసేపు తిరిగినా ఒక్క పిట్ట లేదని ఆవిడ విసుక్కుంటోంది. నాకేమో వాగు అవతల అవి మాట్లాడుకోవడం వినిపిస్తూనే ఉంది. మార్కాపురంలో మా నాన్న చేలో కౌజు పిట్టల్ని ఈల వేసి పిలుస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నదాన్ని నేను. ఆ తర్వాత ఎమ్మెస్సీ జువాలజీ చేసి కాలేజీలో పాఠాలు చెప్పాను. ఇక్కడి పిట్ట వేరు, దాని గొంతు వేరు. అది "చికాగో, చికాగో" అని అరుస్తుందంటారట వీళ్ళు. కాసేపు విన్నాను. మనసులో అనుకుని చూసుకున్నాను. ఇక ఆగలేక పెదాలు బిగించి ఈల వేశాను.

ఏమండీ, జవాబు వచ్చింది! వాగు అవతలి నుంచి ఒకటి, గుట్ట మీది నుంచి ఇంకొకటి. మళ్ళీ పిలిచాను. తలమీది తురాయిలు ఊపుకుంటూ గుంపు గుంపంతా పొదల్లోంచి బయటికి వచ్చింది. ఈ దేశం వచ్చాక నేను పిలిస్తే పలికినవి అవే. గుంపు లేచింది, రూత్ కాల్చింది, రెండు పడ్డాయి.

సరిగ్గా అప్పుడే వైల్డ్‌లైఫ్ ఆఫీసరు గుట్ట దిగి వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్థుడే. రూత్ లైసెన్సు చూసి నాది అడిగాడు. నేను ఊరికే తోడు వచ్చానన్నాను. "తోడు రావచ్చు మేడమ్. నడవచ్చు, చూడవచ్చు, భోజనం మోయవచ్చు. పిట్టని తరిమినా, పిలిచినా మాత్రం అది వేటే. మీరు పిలవడం నా చెవులతో విన్నాను" అని టికెట్ రాసి చేతిలో పెట్టాడు. లైసెన్సు లేకుండా వేటాడానని కేసు. డిసెంబర్‌లో కోర్టుకి వెళ్ళాలి.

ఇదీ జరిగింది. నేనేం దొంగతనం చేయలేదు. ఆ రెండు పిట్టల్నీ అల్లం, వెల్లుల్లి నూరి వేపుడు చేస్తే రూత్ ఎముకలు కూడా వదల్లేదు.

ఉంటాను మరి,
మీ మల్లి


పార్సిప్పనీ
నవంబర్ 2008

ప్రియమైన మల్లికి,

కాఫీ తాగే చదివాను. అయినా కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. మా రూమ్మేట్ ఉదయ్‌కి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడికేం, పెళ్ళి కాలేదు.

మనం గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ వేయడానికి వంతు కోసం ఎన్నేళ్ళుగా కూర్చున్నామో నీకు తెలుసు. వంతు వచ్చాక మొదట అడిగేది మీ మీద కేసులేమైనా ఉన్నాయా అని. మా ఆఫీస్‌లో సగం కుర్చీలు ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు ఏ చిన్న మచ్చ ఉన్నా నన్ను పట్టించుకునేవాడు ఉండడు. మన పేపర్లు చూసే లాయర్ రాజారావు గారికి ఫోన్ చేశాను. కేసు చిన్నదేనట, కానీ శిక్ష పడితే ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవాలట, ఆలస్యమూ కావచ్చట. కొట్టేస్తే అంతకంటే కావలసింది లేదన్నారు.

నేను రూత్‌తో కూడా మాట్లాడాను. ఆవిడ బంగారం. ఆవిడకి లైసెన్సు ఉంది, పిలిచింది తనేనని కోర్టులో చెబుతానంది. పొదల చాటున ఎవరు పిలిచారో ఆ ఆఫీసరు కళ్ళారా చూశాడా ఏమన్నా? నువ్వు ఒక్క మాట అంటే చాలు. "నాకేమీ తెలియదు, ఊరికే వెంట వెళ్ళాను." అంతే, ఇంటికి వచ్చేయడమే.

దయచేసి మొండికేయకు.

నీ జగన్


చాండ్లర్
నవంబర్ 2008

శ్రీవారికి,

నాకేమీ తెలియదా? అబ్బో, ఎంత బాగా చెప్పారండీ! ఎంత సులువుగా చెప్పారు!

మీ ఆఫీస్ పార్టీల్లో "డు యు వర్క్?" అని అడిగితే మీరే ముందు అందుకుని "నో, షీ ఈజ్ ఎట్ హోమ్" అంటారు. నోరు మూసుకుని సమోసా తిన్నాను. మృదుల వాళ్ళింట్లో సైన్స్ ప్రాజెక్టుకి పిల్లలకి కప్ప గుండె గురించి చెప్పబోతే "ఆంటీకి ఇవన్నీ తెలుసా?" అని వాళ్ళమ్మనే అడిగారు. నవ్వి ఊరుకున్నాను. అవన్నీ ఊరుకున్నాను కాబట్టి ఇదీ ఊరుకుంటాననుకున్నారు.

ఆ పిట్టలు నా ఈలకి వచ్చాయి. రూత్ ఈలకి కాదు. లైసెన్సు లేకపోవడం నా తప్పే, జరిమానా వేస్తే వేసుకోమనండి. చేసిన తప్పుకి శిక్ష పడితే పడనీ. చేతకానిదాన్నని చెప్పుకుని తప్పించుకోవడం మాత్రం నా వల్ల కాదు.

మల్లి


పార్సిప్పనీ
డిసెంబర్ 2008

మల్లీ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి నేనూ ఉత్తరమే రాస్తున్నాను.

నీకు చేతకాదని నేనెప్పుడూ అనుకోలేదు. నువ్వు ఆ కాలేజీలో పాఠం చెబుతుంటే కిటికీ బయట నిలబడి విని పెళ్ళికి ఒప్పుకున్నవాణ్ణి నేను. నువ్వు మళ్ళీ ఒక క్లాసులో నిలబడి పాఠం చెప్పాలంటే ఆ కార్డు రావాలి. నాకైతే ఏదో ఒక వీసా మీద గడిచిపోతుంది. గడవనిది నీకు. ఒక్క పూట తెలియనట్టు నటిస్తే ఆ తర్వాత జీవితమంతా తెలిసినదానిలా ఉండొచ్చు. నీ పంతం నెగ్గించుకుంటే నష్టపోయేది నువ్వేనే పిచ్చిదానా.

నిన్ను బతిమాలుతున్నాను. నా కోసం కాదు.

జగన్


చాండ్లర్
డిసెంబర్ 2008

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. కిటికీ సంగతి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?

సరే. మీరు చెప్పినట్టే అంటాను. రూత్ తన కార్‌లో తీసుకెళ్తానంది. ఇక దాని గురించి మాట్లాడొద్దు.

మీ మల్లి


చాండ్లర్
డిసెంబర్ 2008

ప్రియమైన శ్రీవారికి,

కోర్టు నుంచి రాగానే రాజారావు గారికి చెప్పాను, ఆయన ఈపాటికే మీకు ఫోన్ చేసి ఉంటారు. ఆయన చెప్పింది నిజమే. కానీ నా నోటితో వినండి.

మీరు చెప్పిన మాట అనడానికే వెళ్ళాను. మీ మీద ఒట్టు. దారి పొడవునా అదే వల్లెవేసుకున్నాను. కోర్టు అంటే ఏమిటో అనుకున్నాను, మన పోస్టాఫీసంత గది. జడ్జి పెద్దావిడ, ముక్కు చివర కళ్ళజోడు. ఆఫీసరు తను విన్నది చెప్పాడు. నన్ను అడిగారు. "నాకేమీ తెలియదు, ఊరికే వెంట వెళ్ళాను" అన్నాను. అవును, అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

రూత్ లేచి పిలిచింది తనేనంది. జడ్జి కళ్ళజోడు పైకి తోసుకుని "అయితే ఒకసారి పిలవండి, వింటాను" అంది. రూత్ ఇంత ఊపిరి పీల్చి ఈల వేసింది. ఏం చెప్పమంటారు, మన ఇంట్లో పప్పు కుక్కర్ నయం! వెనక బెంచీలవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. ఆ ముసలామె ముఖం కందగడ్డయింది. నా కోసం అబద్ధమాడి, నా కోసం నవ్వులపాలై, అయినా కూర్చోకుండా ఇంకోసారి వేయబోతోంది.

ఇక నా వల్ల కాలేదండీ. లేచి నిలబడ్డాను. "ఆవిడ కాదు, నేను. ఇంతకుముందు అన్నది అబద్ధం" అన్నాను. ఇప్పుడు ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసా అని అడిగింది జడ్జి. తెలుసన్నాను. ఆవిడ అడగకుండానే ఈల వేసి పిలిచాను. ఆఫీసరు తల ఊపి "అదే, నేను విన్నది అదే" అన్నాడు. అది గుంపు నుంచి తప్పిపోయిన పిట్ట తనవాళ్ళ కోసం అరిచే అరుపని, మిగతావి జవాబిస్తూ ఒకచోట చేరతాయని చెప్పాను. జడ్జి చేయి గడ్డం కింద పెట్టుకుని విన్నది. క్లాసులో ఉన్నట్టే ఉంది నాకు.

తర్వాత నేరం ఖాయం చేసింది. జరిమానా వేసింది. అబద్ధం చెప్పినందుకు నన్నూ రూత్‌నీ కలిపి చీవాట్లు పెట్టింది. ఆ జరిమానా మీ జీతంలోంచి కట్టాల్సి రావడం ఒక్కటే నాకు మంటగా ఉంది.

మీరు రాసింది మరిచిపోలేదు. కార్డు ఆలస్యమైతే నష్టం నాదే. క్లాసు ఇంకా దూరమవుతుంది. అది తెలిసే లేచాను. తెలియనట్టు నటించి తెచ్చుకున్న కార్డుతో క్లాసులో నిలబడితే నా నోట మాట రాదు జగన్. ఈ ఒక్కసారికి పేరు పెట్టి పిలవనివ్వండి.

మన వంతు వచ్చినప్పుడు ఒక్క పని చేయండి. ఇన్నేళ్ళుగా మీరు నింపిన ప్రతి కాగితంలోనూ నా పేరు కింద ఉద్యోగం లేదు, జీతం లేదు, లేదు, లేదు అనే రాశారు. కేసు పడిందా అని అడిగినచోట మాత్రం "అవును" అని రాయండి. ఏం చేసింది అని అడిగితే, పిట్టల్ని పిలిచింది, అవి వచ్చాయి అని రాయండి. మీకు చెయ్యి రాకపోతే ఆ కాగితం ఇటు పంపండి. నేనే రాస్తాను.

మీ
నాగమల్లేశ్వరి