చాప వాసన

మార్చి 3, ఆదివారం

లియోనోర్ వచ్చి వెళ్లింది. వహాకా టౌన్లో కొత్తగా హోటల్ పెట్టిన అమ్మాయి. మామూలు హోటల్ కాదట. బుల్లి బుల్లి ప్లేట్లలో వడ్డిస్తూ, ప్లేటుకో రకం మెస్కాల్, అదే మేం కాచే కిత్తలి సారా, పోసే గొప్పవాళ్ల చోటు. కిందటేడు మా ఆయన దించిన సరుకు పట్టుకెళ్లింది కదా, అదంతా అయిపోయిందట. శనివారం మధ్యాహ్నం మీరిద్దరూ భోజనానికి రావాలి మేస్త్రిగారూ, మావాళ్లకి మిమ్మల్ని చూపించాలి, గోడ మీద మీ పేరు రాయిస్తున్నాను అంది. సారా దించే పనివాణ్ని ఇక్కడ మేస్త్రి అంటారు.

మా ఆయన క్రిసోఫోరో టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. సంతోషం వస్తే ఆయన చేసే పని అదొక్కటే.

ఆ పిల్ల జీపు మలుపు తిరిగాక నావైపు చూశాడు. నేనూ చూశాను.

అదే రోజు, సాయంత్రం

నోటితో చెప్పుకోలేను కనుక రాసుకుంటున్నాను. మా ఆయనకి వాసన తెలియదు. జులైలో వచ్చిన జ్వరం ముక్కును పట్టుకుపోయింది. పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, పక్కనే కూర్చుని నింపాదిగా చెప్పు కుట్టుకుంటున్నాడు. ఏమయ్యా, ముక్కు ఎక్కడన్నా తాకట్టు పెట్టొచ్చావా అని అరిచాను. ఆయన మొహం చూశాకే నాకు అర్థమయింది. డాక్టరేమో తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఎనిమిది నెలలయింది. రాలేదు.

సొరబుర్రలో పోసి, పైకి తేలే ముత్యాల్లాంటి బుడగలు చూసి ఘాటెంతో ఇప్పటికీ చెప్పగలడు. అది కళ్ల పని. మంచి ధార ఎక్కడ మొదలయిందో, చివరి ధార ఎక్కడ కంపు పట్టిందో చెప్పాల్సింది ముక్కు. అందుకే ఈ ఏడు బట్టీ వెలిగించలేదు. ఊరందరికీ నడుం నొప్పని చెప్పాడు. కొండ మీంచి తెచ్చిన కిత్తలి గడ్డలు పెరట్లో ఎండకి పడి ఉన్నాయి. ఎవరన్నా పలకరించడానికి వస్తే నేను గబగబా నూనె సీసా పట్టుకుని ఆయన వెనక కూర్చుంటాను. ఏం బతుకో!

మార్చి 7

జ్వరమని చెప్పి మానేద్దామయ్యా అన్నాను. గోడ మీద పేరు రాయిస్తోందటే అన్నాడు.

మార్చి 9, శనివారం

ఇప్పుడే బస్సు దిగాం. మరిచిపోకముందే రాయాలి.

ఆ ఇల్లు రాతి గోడల పాత ఇల్లు. లోపల చల్లగా ఉంది. గోడ మీద నిజంగానే పేరు రాయించింది: క్రిసోఫోరో మతూస్. నల్ల రంగు, పెద్ద పెద్ద అక్షరాలు. ఆయన దాని ముందు అలా నిలబడిపోయాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

టేబుల్ చుట్టూ ఎనిమిది మంది. మొదటి ప్లేటు వచ్చింది. బొటనవేలంత రొట్టె, దాని మీద మూడంటే మూడు వేయించిన మిడతలు. రుచి బాగానే ఉంది గానీ భోజనం ఎప్పుడు పెడతారమ్మా అని వడ్డించే అమ్మాయిని అడిగాను. ఇదే అమ్మమ్మా భోజనం, ఇలాంటివి ఇంకా ఆరొస్తాయి అంది. తరవాత గుమ్మడి పువ్వులో కూరిన జున్ను, ఒక్క పువ్వు. తరవాత నల్ల మోలె, మాడ్చిన మిరపకాయల చిక్కటి పులుసు, ప్లేటు మధ్యలో దిష్టి చుక్కంత. నా పెళ్లికి మా అమ్మ మూడు గంగాళాల మోలె కాచింది. మిరపకాయలు మాడ్చిన పొగకి వీధి వీధంతా దగ్గింది. ఆ దగ్గు వినే పక్క ఊరివాళ్లు పెళ్లి ఎవరింట్లోనో కనుక్కుని వచ్చారని మా నాన్న చచ్చేదాకా చెప్పుకున్నాడు. కానీ ఒప్పుకోవాలి, ఆ చుక్కలో మిరపకాయ సరిగ్గా మాడింది. ఎవరో చేయి తిరిగిన మనిషే చేసింది. మిగిలిందేమన్నా ఉంటే ఇందులో పోయించమ్మా అని సంచిలోంచి మూత క్యాను తీశాను. విందుకెళ్లి ఖాళీ చేతుల్తో ఎవరన్నా వస్తారా? పట్నం దొరలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన టేబుల్ కింద నా కాలు తొక్కాడు. లియోనోర్ మాత్రం పకపకా నవ్వి, క్యాను తనే వంటింట్లోకి తీసుకెళ్లి నిండా పోయించుకొచ్చింది. మంచి పిల్ల. అదే నా బాధంతా.

ఆఖరి ప్లేటు ఎత్తాక ఆ పిల్ల ఒక సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. వాళ్ల తాత సారా కొట్టు నడిపేవాడట. పోయాక ఆయన అల్మారాలో దొరికిందట. మూత చుట్టూ మైనం, కడుపు మీద బ్యాండేజీ పట్టీ, దాని మీద మా ఆయన కోడిగీతల రాత: తోబలా, 1984.

మా పెళ్లయిన ఏడు.

ఆ ఏడు గోతిలో నిప్పు చేసి, గడ్డలు పేర్చిన రోజునే కాలం కాని వాన పడింది. కప్పడానికి చాపలు చాల్లేదు. ఈ మహానుభావుడు ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి, మా పెళ్లికి మా అత్త నేసిచ్చిన కొత్త తాటాకు చాప, ఇంకా నాలుగు రాత్రులైనా పడుకోని చాప, చుట్టి పట్టుకుపోయాడు. ఆయన ఒక కొస, స్నేహితుడు ఎలెఉతేరియో ఒక కొస. వాళ్ల వెనక తిట్టుకుంటూ నేను, నెత్తి మీద వాన. చాప అంచులు కాలిపోయాయి. నెల రోజులు కటిక నేల మీద పడుకున్నాం. ఆ నెల గురించి ఇంతకంటే రాయను. కానీ ఆ మెస్కాల్లో కాలిన చాప వాసన దిగింది. కొండ మీద దొరికే ఆ చిన్న తోబలా కిత్తలి తీపి, దాని వెనక తాటాకు చాప. మళ్లీ ఎప్పుడూ అలాంటిది దిగలేదు. ఆయన కావాలని చాపలు కాల్చి చూశాడు కూడా, పిచ్చి మనిషి. రాలేదు.

మీదే కదా మేస్త్రిగారూ, వాసన చూసి మీ నోటితో చెప్పండి, ఇంతమంది వింటారు అంది లియోనోర్. చిన్న గ్లాసులో పోసింది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపు మూసుకున్నాడో.

నాదే, చాప వాసన ఇంకా అలాగే ఉంది అన్నాడు.

ఆ తరవాత కథంతా చెప్పాడు. వాన, చాప, నా తిట్లు అన్నీ. అందరూ చప్పట్లు. ఫోటోలు. నా దగ్గరకి గ్లాసు వచ్చింది. నేను తాగను గానీ ముప్పై అయిదేళ్లు ఆయన చొక్కాలు ఉతికాను. మొదటి ధార చొక్కా ఏదో, చివరి ధార చొక్కా ఏదో కళ్లు మూసుకుని చెబుతాను. వాసన చూశాను.

చాప లేదు. కిత్తలి కూడా లేదు. ఊరికే గొంతు గీరే పట్నం సారా. ఆ తాత మాది తాగేసి, సీసాలో తన కొట్టు సరుకు నింపి మైనం పెట్టుకున్నాడు.

బాగుంది అన్నాను. గ్లాసు కింద పెట్టాను.

మార్చి 10

పొద్దున్నే, నా మొహం చూడకుండా అడిగాడు. ఉందా అబుందియా, చాప వాసన? ఉంది అన్నాను. ఇంకా ఏముంది అన్నాడు. పచ్చి జామకాయ, తడిసిన మన్ను, మీ అమ్మ ఇంటి వెనక పొగ అన్నాను. అవన్నీ నిజమే. ఆ సీసాలో లేవు, అంతే.

ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మార్చి 14

రెండు పూటలా మారు వడ్డించుకుంటున్నాడు. ఈల వేస్తున్నాడు. బట్టీ గోతిలో రాళ్లు సర్దాడు. నడుం నొప్పి ఏమయిందని ఎవరో అడిగితే పట్నం గాలికి పోయిందన్నాడు. పెళ్లయిన కొత్తలో ఇలాగే ఉండేవాడు. పదేళ్ల తరవాత నన్ను పేరు పెట్టి కాకుండా పిల్లా అని పిలిచాడు. ఈ మనిషితో నేనేం చెప్పేది?

మార్చి 18, సోమవారం

లియోనోర్ ఫోన్ చేసింది. ఆ సీసాని మెనూలో పెట్టిందట, "చాప మెస్కాల్" అని. అడిగినవాళ్లకి చుక్క చుక్కే పోస్తోందట. గురువారం ఇంకో మేస్త్రి భోజనానికి వస్తున్నాడు, ఎలెఉతేరియో అని, మీకు తెలుసా అమ్మగారూ అంది.

తెలుసమ్మా అన్నాను. ఆ చాప రెండో కొస పట్టుకున్నవాడు నాకు తెలియకపోవడమేమిటి. వాడి ముక్కు కుక్క ముక్కు. నోరు అంతకంటే పెద్దది. ఒక్క గుక్కలో కనిపెడతాడు. సాయంత్రానికల్లా లోయంతా నవ్వుతుంది. క్రిసోఫోరో అబద్ధం ఆడాడు, మెస్కాల్ విషయంలో ఆడాడు అంటారు. ఆయన ఎన్నో ఆడాడు గానీ ఆ ఒక్క విషయంలో ఎప్పుడూ ఆడలేదు. మొన్నటిదాకా.

మార్చి 19

చెప్పేశాను. పెరట్లో, గడ్డల మధ్య నిలబడి. ఆ సీసా మనది కాదయ్యా, నేను కూడా నీతో అబద్ధం చెప్పాను అన్నాను.

నువ్వా అన్నాడు. అంతే. నువ్వు కూడానా అన్నట్టు.

మార్చి 20

అన్నం పెడితే తిన్నాడు. తిడితే బాగుండు.

మార్చి 21, గురువారం

తెల్లవారేసరికి ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. బయల్దేరు, బస్సు పోతుంది అన్నాడు. దారంతా కిటికీలోంచి చూశాడు.

హోటల్ ఇంకా తెరవలేదు. లియోనోర్ కుర్చీలు దించుతోంది. ఆయన టోపీ చేతిలో పట్టుకుని నిలబడే చెప్పాడు. ఆ సీసా నాది కాదమ్మా. నాకు వాసన తెలియక పదినెలలు కావస్తోంది. సిగ్గుతో నాదే అన్నాను. గోడ మీద పేరు తుడిపించెయ్ అన్నాడు. పదినెలలు కాదు, ఎనిమిది. సరిదిద్దలేదు.

ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. మా తాత నింపి పెట్టాడా అంది. తరవాత, నేను వారం రోజులుగా జనానికి అబద్ధం పోస్తున్నానా అంది. కోపం వచ్చింది, రాదా మరి. లేచి సీసా తీసుకెళ్లి తొట్టిలో వంచేసింది. మావైపు తిరక్కుండానే, మరి ఇది మీది కాదని ఎవరు పట్టుకున్నారు అని అడిగింది.

ఇదిగో ఇది అన్నాడు, నావైపు గడ్డం ఎత్తి. నా ముక్కు చచ్చిపోయిందమ్మా, ఇంట్లో ఇంకోటి ఉంది, ఇన్నేళ్లూ నేను దాన్ని బట్టీ బయటే నిలబెట్టాను అన్నాడు.

అది నిజం. ధార దిగేటప్పుడు ఆడవాళ్లు లోపలికొస్తే సరుకు చెడుతుందని మా మామగారి శాసనం. ఈయన దాన్ని వేదంలా పట్టుకున్నాడు. అన్నం గిన్నె ఎప్పుడూ బయట రాయి మీద పెట్టి కేకేసి వచ్చేదాన్ని.

లియోనోర్ నావైపు తిరిగింది. పేరు ఇప్పుడు తుడపను, ఎలెఉతేరియోకి నిజం నేనే చెబుతాను, మీరు ఈ ఏడు సరుకు దించి తీసుకురండి, అది తాగి చూశాక తుడపాలో ఉంచాలో చెబుతాను అంది. న్యాయమే.

బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.

ఏప్రిల్ 6, శనివారం

రెండో కాపు, అంటే దించిన సారాని మళ్లీ కాచి దించడం. రాగి గొట్టం కింద ఆయన, పక్కన పీట మీద నేను. సొరబుర్ర నా ముక్కు దగ్గర పెట్టి, ఆపనా అన్నాడు. ఇంకా కాదు అన్నాను. మళ్లీ పెట్టాడు. ఇంకా కాదు. మూడోసారి అడగలేదు, నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఆపు అన్నాను.

ఆపాడు.