తెర వెనుక నుంచి చూసిన గారడీ

మా ఇంటి వెలుగైన మీకు, వనపర్తి నుంచి మీ అమృతమ్మ దండం పెట్టి రాసేది. ఇక్కడ మామ, అత్తమ్మ, నేను, పశువులతో సహా అందరం కుశలమే. మీరు కూడా క్షేమమని తెలిస్తేగాని నా మనసు నిలవదు. ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం తెచ్చిన మనిషిని చూసి కోపం తెచ్చుకోకండి. చివరి అక్షరం దాకా చదవకుండా ఆ పెట్టెలో మాత్రం కూర్చోకండి.

మీరు అడిగినవి చెబుతాను. అత్తమ్మ మోకాలి నొప్పి కొంచెం నయం. బర్రె ఈనింది, పెయ్యదూడ. మీరు రాయచూరులో పత్తి మిల్లులో కాక గారడీ ఉస్తాదు దగ్గర చేరిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు కదా అని అడిగారు. అది తరువాత రాస్తాను.

గారడీవాళ్ల టాకీ బొమ్మ రెండో భాగం ఇక్కడికి వస్తే చూసి, పెట్టెలో కూర్చున్న పిల్ల కత్తిని ఎట్లా తప్పించుకుంటుందో రాయమన్నారు. మీ ఉస్తాదు కృష్ణ అవతలి జాతరలో బొమ్మలో ఉన్నట్టే పొడుస్తాడట. జనం ముందర తప్ప కత్తి దూయడం ఆయన ఆనవాయితీ కాదట. మీరేమో బొమ్మ చూశానని ఆయనకు అబద్ధం చెప్పారు. లేకుంటే పెట్టెలో ఇంకొకరిని కూర్చోబెడతాడని మీ భయం.

నాలుగు రోజుల కింద మామ వెంట అత్తమ్మతో, పక్కింటి మల్లమ్మతో కలిసి బొమ్మ ఆడే డేరాకు పోయాను. గద్వాలలో మనం మొదటి భాగం చూసినప్పుడు, పెట్టె నిండా కత్తులు దిగినా ఆ పిల్ల నవ్వుకుంటూ లేచి వస్తే మీరు నా చెయ్యి పట్టుకున్నారు. ఎట్లా బతికిందా అని ఇల్లు చేరేదాకా మాట్లాడుకున్నాం. రెండో భాగంలో అట్లా మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్చలేదు. పావురం ఏ జేబులో ఉందో, తాడు ఎక్కడ ముందే తెగి ఉందో అన్నీ విప్పి పెట్టారు. పాత పిల్ల కూడా లేదు, ఎవరో వేరే ఆమె. మగవాళ్లు చాలామంది సగంలోనే లేచి పోయారు. మల్లమ్మ, “గింతేనా? గిందుకా పోయినేడు నేను గంత భయపడ్డది?” అంది.

నాకు మాత్రం ఆ విప్పి చూపడమే కావలసి వచ్చింది. పెట్టె పక్క పలక తీసి లోపల చూపించినప్పుడు కళ్లు మూసుకోకుండా చూశాను. కత్తి దిగే వేళకు ఆ పిల్ల కుడి భుజం వైపు వంగింది. కుడికి వంగాలని మరునాడే మీకు కార్డు రాసి వేశాను.

ఇక్కడి డేరాలో ఆడవాళ్లను తెరకు వెనుక వైపు కూర్చోబెడతారు. గద్వాలలో మనిద్దరం ముందరే కూర్చున్నాం గనుక నాకు తేడా తెలియలేదు. పేర్లు పడ్డప్పుడు ఒక్క అక్షరం చదవలేకపోయాను. మూడో తరగతితో ఆగిన చదువు, మరిచిపోయానేమోనని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

ఈ పొద్దున సద్ది తింటుంటే అత్తమ్మకు బొమ్మ గుర్తొచ్చింది. “గా గారడోడు ఎడమచేత్తోటి అన్నం తింటుండు. తల్లి నేర్పలేదా ఏంది?” అని నవ్వింది.

ముందు వైపు కూర్చుని చూసిన మామ, “కుడిచేత్తోనే తిన్నడు. మీరు తెర ఎనక కూసున్నరు. అద్దంల లెక్క తిర్లమర్ల కనపడ్తది” అన్నాడు.

నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఆ పిల్ల వంగింది ఎడమకు. నా కార్డు ఈపాటికి మీ చేతికి వచ్చి ఉంటుంది. జాతర రేపే. ఇంకో కార్డు వేస్తే రేపటికి అందదు.

అందుకే చెప్పేశాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి మామ ఎదుట నోరు విప్పనిదాన్ని, నెత్తి మీద కొంగు ఉందో లేదో కూడా చూసుకోకుండా మిల్లు సంగతి అబద్ధమని, పెట్టె సంగతి, కత్తి సంగతి అన్నీ చెప్పాను. మీరు నాతో ఒట్టు వేయించుకున్నారు. నేను తప్పాను. అత్తమ్మ ఏడ్చింది, నన్ను తిట్టింది. మామ తిట్టలేదు. పుట్టి పడవలో కృష్ణ దాటి తానే వస్తానన్నాడు. “ఎటు వంగాలె? జర చూపియ్యి బిడ్డా. కాయితం నీళ్లల్ల పడితే నేను నోటితోటన్న చెప్పాలె” అన్నాడు.

ఆయన ఎదురుగా నిలబడి ఎడమకు వంగాను. నన్ను చూసి ఆయన కుడికి వంగాడు. ఆయనకు వీపు తిప్పి మళ్లీ వంగాను. అప్పుడు ఆయనా ఎడమకే వంగాడు. గోడ మీది నుంచి మమ్మల్ని చూసి మల్లమ్మ నవ్వబోయి, అత్తమ్మ ముఖం చూసి ఆగింది.

బండి కట్టారు. మామ తొందర పెడుతున్నాడు. ఆ పెట్టె జోలికి పోకుండా ఆయన వెంట వచ్చేయండి. ఉస్తాదుకు మాట ఇచ్చాను, వెనక్కి రాను అంటారేమో. అంటే, మామకు వీపు తిప్పి నిలబడి ఒకసారి వంగి చూపించండి. ఆయన సరే అన్నాకనే లోపలికి పోండి. ఒట్టు తప్పినందుకు నా మీద ఎంత కోపమున్నా ఇంటికి వచ్చి తిట్టండి. తిట్టడానికైనా రండి.

ఇట్లు,
మీ ఇంటిది,
అమృతమ్మ